చిన్నబండిపై పెద్దసుంకము

2025 ఆగష్టు మాసమున కేంద్ర రోడ్డురవాణాశాఖవారు గెజెటునందు ఒక ప్రకటన గావించిరి. రిజిస్ట్రేషను అయి ఇరువదియేండ్లు దాటిన కారును మరి యైదేండ్లు రోడ్డుపై నడుపుకొనవలెనన్న యజమాని పదివేల రూపాయలు చెల్లింపవలయును, మోటారుసైకిలైనచో రెండువేలు. 2022 ఏప్రిలు 1వ తేదీకి పూర్వము ఈ పనికే కారునకు ఆరువందలు, మోటారుసైకిలునకు మూడువందలు పుచ్చుకొనుచుండిరి. ఆ దినమున నవి యైదువేలును, వేయియు నయ్యెను. మూడేండ్లు గడచి నాలుగవ యేడు నడుచుచుండగా, ఇరువదియేండ్ల బండికి మరల రెట్టింపయ్యెను. ఆరువందలెక్కడ, పదివేలెక్కడ! చూడవలసిన బ్రేకులవియే, దీపములవియే, తుదకు చేతికిచ్చు పత్రమును అదియే. పెరిగినది సుంకమొక్కటే.

కారున్నవాడు కలవాడే గదా, కలవాడు కట్టుకొనిన మనకేమని కొందరనవచ్చును. ఇంతకంటె పొరపాటు వేరొకటి లేదు. కలవాడు ఇరువదియేండ్లు ఒకే బండిని ఉంచుకొనడు. ఐదేండ్లకొకసారి పాతదానిని వదలి క్రొత్తదానిని కొనును. అతని గుమ్మమునకు ఈ సుంకము ఎన్నటికిని రాదు. క్రొత్తది కొనలేక, ఉన్నదానిని బాగుచేయించుకొనుచు నెట్టుకొని వచ్చువానిపైననే ఇది పడును. అనగా ఇది కారుమీద వేసిన సుంకము కాదు, పొదుపుమీద వేసిన సుంకము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల వీధులలో నొక్క ప్రొద్దు నిలిచి చూచినచో ఈ మాటకు వేరు సాక్ష్యమక్కరలేదు. నేటికిని నంబరుపలకపై ‘ఏ.పీ. 15’ అని మోయుచు తిరుగు చిన్నకార్లు అచట కనబడుచున్నవి. అది పూర్వపు కరీంనగరు జిల్లా గుర్తు. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మేర్పడెను. 2016 అక్టోబరు 11న జగిత్యాలయు, రాజన్న సిరిసిల్లయు వేరు జిల్లాలయ్యెను. రాష్ట్రము మారినది, జిల్లా మారినది, బండి మాత్రము మారలేదు. అది యెవరిది? పదేండ్లు దుబాయిలోనో మస్కట్టులోనో యెండలో పనిచేసి వచ్చిన కోరుట్ల మనిషిది. నాలుగు మరమగ్గములు పెట్టుకొని, నూలు ధరకును గుడ్డ ధరకును నడుమ నలుగుచున్న సిరిసిల్ల ఆసామిది. పింఛనుపై బ్రదుకు జగిత్యాల పంతులుది. పసుపు పండించి నిజామాబాదు మార్కెట్టు ధర కొరకు ఎదురుచూచు రైతుది. వీరిలో ననేకులు దానిని క్రొత్తదిగా కొన్నవారును కారు. రెండవచేతినో మూడవచేతినో కొన్నవారు.

ఆ బండి విలాసమునకు కాదు. తండ్రికి గుండెనొప్పి వచ్చిన రాత్రి కరీంనగరు ఆసుపత్రికి పోవలెను. కొడుకును విమానమెక్కించుటకు శంషాబాదునకు పోవలెను. సిరిసిల్లకు ఇన్నాళ్లును రైలే యెరుగరు. జగిత్యాల, కోరుట్లలకు రైలున్నను, అది మన యవసరమునుబట్టి రాదు, తన వేళనుబట్టి వచ్చును. ఇట్టిచోట నాలుగుచక్రముల చిన్నబండి యనగా పూర్వకాలపు కాపుటింటి యెడ్లబండి వంటిది. అది ఇంటి ప్రతిష్ఠకు గురుతు కాదు, ఇంటి పనిముట్టు.

ఈ పనిముట్టును ప్రజల కిచ్చినదెవరు? ఈ ప్రభుత్వమే. 1981లో మారుతి ఉద్యోగ్ అను సంస్థను కేంద్ర ప్రభుత్వమే స్థాపించెను. 1982లో జపాను దేశపు సుజుకి కంపెనీతో నొడంబడిక చేసికొనెను. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళపుచెవిని సాక్షాత్తు ప్రధానమంత్రి ఇందిరాగాంధీయే కొన్నవాని చేతిలో పెట్టెను. అది ప్రజల కారని చాటిరి. 796 సి.సి.ల యింజను, మూడు సిలిండర్లు, ఆరువందల యేబది కిలోలకు అటునిటుగా బరువు. మంచిగా నడుపుకొనువానికి లీటరుకు పదునెనిమిది, ఇరువది కిలోమీటర్లిచ్చెడిది. తరువాత 2000లో ఆల్టో వచ్చెను. 2010 ఏప్రిలులో పదుమూడు నగరములందు పొగనిబంధనలు కఠినమైనప్పుడు మారుతి 800 అమ్మకము హైదరాబాదున ఆగిపోయెను. మన వంటి చిన్న పట్టణములలో మాత్రము సాగెను. 2014 జనవరిలో దాని తయారీ ముగిసెను. నగరములో వలదన్న బండిని చట్టసమ్మతముగా మనకు అమ్మనిచ్చినవారు, జీవితకాలపు పన్నును ఒక్కసారిగా వసూలు చేసికొన్నవారు, నేడు దానిని నేరస్థునివలె చూచుట న్యాయమా? ఆ కడపటి బండ్లకు 2029లో పదునైదేండ్లు నిండును. అప్పుడీ సుంకపు గుమ్మము ముందు నిలువవలసినది మన జిల్లాలవారే.

ఇక చట్టమేమనుచున్నదో చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 41వ సెక్షను సొంతబండి రిజిస్ట్రేషనునకు పదునైదేండ్ల గడువు పెట్టినది. ఆపైన ఐదేసి యేండ్లకు పునరుద్ధరించుకొనవచ్చునని ఆ సెక్షనే చెప్పుచున్నది. పదునైదేండ్లు నిండగనే బండి చచ్చినదని చట్టమనలేదు. పరీక్షించుడు, బాగుగా నున్నచో నడుపనిండని మాత్రమే యన్నది. బండికి ఆయుర్దాయము నిర్ణయించు అధికారమును 59వ సెక్షను కేంద్రమున కిచ్చిన మాట నిజమే. అట్లు నిర్ణయింపదలచినచో బహిరంగముగా నిర్ణయింపవచ్చును; దేశము దానిని విచారించును. అది చేయక, పునరుద్ధరణకు తలుపు తెరచియేయున్నదనుచు, ఆ తలుపునకు పదివేల రూపాయల తాళము వేయుట మరియొక పద్ధతి. ముందరి పద్ధతి శాసనము, వెనుకటిది ఉపాయము.

శుల్కము వేరు, పన్ను వేరు. ప్రభుత్వము చేయు సేవకు ప్రతిఫలముగా పుచ్చుకొనునది శుల్కము. బొక్కసము నిండుటకు పుచ్చుకొనునది పన్ను. ఈ భేదమును 1954లో శిరూరు మఠపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు విశదపరచెను. సేవకును శుల్కమునకును పైసకు పైస సరిపోవలెనని తరువాతి తీర్పులు కోరలేదు గాని, రెండింటికిని తగిన పొంతన యుండవలెనను సూత్రము మాసిపోలేదు. ఆరువందల రూపాయలకు జరుగుచుండిన పరీక్షకు నేడు పదివేలెందుకైనదో చెప్పగలవారెవరు? పరీక్ష పదునారు రెట్లు నిశితమైనదా? జగిత్యాలవాని ముంగిటికి పరీక్షాయంత్రములు వచ్చినవా? లేదు. పాతబండిని వదిలింపవలెననుటయే దాని యుద్దేశము. వదిలించుట మంచిదని నమ్మినచో ఆ మాట చెప్పి పార్లమెంటులో పన్ను వేయుడు. శుల్కమను పేరు పెట్టి జరిమానా వసూలు చేయకుడు.

పాతబండి పొగ గ్రక్కునని, ప్రమాదకరమని ప్రభుత్వపక్షమువారు చెప్పుదురు. ఈ యాక్షేపణను త్రోసివేయరాదు, విచారింపవలెను. పొగ గ్రక్కు బండి రోడ్డుపై నుండరాదు. ఇందు రెండవ మాట లేదు. కాని పొగను కొలుచు యంత్రము కలదు. బ్రేకు పట్టు చూచు యంత్రము కలదు. కొలువగలిగినదానిని కొలువక పుట్టినతేదీ చూచి శిక్షించుటయేమి? సరిగా చూచుకొన్న ఇరువదియేండ్ల బండి పరీక్షలో నెగ్గవచ్చును. ఏడేండ్లకే పాడుచేసికొన్న బండి యోడవచ్చును. ఇంగ్లండున కారునకు మూడేండ్లు నిండినప్పటినుండి ఏటేట పరీక్ష జరుగును. జర్మనీలో రెండేండ్లకొకసారి జరుగును. నెగ్గినది నడుచును, ఓడినది ఆగును. అచ్చటివారు గాలిని తక్కువగా ప్రేమించువారా?

ఢిల్లీ నగరములో జరిగినది చూడుడు. పదేండ్లు దాటిన డీజిలు బండ్లును, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లును అచట తిరుగరాదని 2015లో హరిత ట్రిబ్యునలు ఆదేశించెను. 2018లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. 2025 జూలై 1వ తేదీనుండి అట్టి బండ్లకు పెట్రోలే పోయవలదనిరి. ప్రజలు గగ్గోలు పెట్టగా కొన్ని దినములకే వెనుకకు తీసికొనిరి. ఆగష్టులో సుప్రీంకోర్టు వయస్సును మాత్రమే కారణముగా చూపి నిర్బంధచర్య తీసికొనవలదనెను. డిసెంబరులో ఆ రక్షణను బి.యస్. 4 మొదలు ఆపై ప్రమాణముల బండ్లకు పరిమితము చేసెను. ఇందుండి నేర్వవలసినదేమి? కడు చెడ్డగాలి గల నగరమునకు సైతము న్యాయస్థానము తుదకు అడిగినది బండి పుట్టినయేడు కాదు, దాని పొగ ప్రమాణము. ఢిల్లీకి తగిన ఆ న్యాయము జగిత్యాలకు తగదా?

ప్రమాదము మాట వచ్చినది గనుక ఒక్క ప్రశ్న. పాత చిన్నకారులో గాలిసంచులు లేవు, నిజమే. ఆ బండిని సుంకముతో మూలకు పెట్టించినచో ఆ యింటివారు మరునాడు దేనిపై పోవుదురు? ఆరు గాలిసంచుల క్రొత్తకారులోనా? కాదు. భార్యను, ఇద్దరు పిల్లలను ఒక్క మోటారుసైకిలుపై నెక్కించుకొని 63వ జాతీయరహదారిపై లారీల నడుమ పోవుదురు. లేక పదిమందిని కుక్కిన ఆటోలో నొకమూల వ్రేలాడుచు పోవుదురు. సురక్షణ పేర చేసిన పని ప్రాణమునకే ముప్పు తెచ్చుటయన్న ఇదియే.

సుంకమొక వైపు, పెట్రోలు మరియొక వైపు. 2025 నాటికి దేశమంతట పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలిపి అమ్ముట పరిపాటియయ్యెను. లీటరు ఇథనాలులో లీటరు పెట్రోలుకంటె వేడిశక్తి మూడవవంతు తక్కువ. ఇట్టి మిశ్రమము కొరకు తయారు కాని పాత కార్లలో మైలేజి ఆరేడు శాతము తగ్గునని 2021లో నీతి ఆయోగు ప్రకటించిన నివేదికయే చెప్పినది. కొన్ని పాతబండ్లలో రబ్బరు భాగములు ముందుగా మార్పవలసి రావచ్చునని 2025లో పెట్రోలియము శాఖయు ఒప్పుకొనినది. లెక్క వేయుదము. నెలకు ఐదువందల కిలోమీటర్లు తిరుగు బండి, లీటరుకు ఇరువది యిచ్చినచో, ఇరువదియైదు లీటర్లు త్రాగును. ఆరు శాతము తగ్గినచో ఇరువదియారున్నర దాటును. లీటరు 107 రూపాయలుగా చూచినచో నెలకు నూటడెబ్బది, ఏటికి రెండువేలు. ఐదేండ్లకు కట్టు పదివేల శుల్కమును ఏటికి పంచినను రెండువేలే. ఈ రెండును కలిసి ఏటికి నాలుగువేలు. సిరిసిల్ల మరమగ్గముపై బట్ట నేయువానికి ఇది ఎన్ని దినముల కూలియో వానినే యడుగుడు. తక్కువ దూరము పోవు నూనెను తక్కువ ధరకైన అమ్మిరా? అదియు లేదు.

ఇథనాలు వలన రైతునకు మేలు, విదేశమునకు పోవు ధనము మిగులు అని చెప్పుదురు. విదేశీ నూనెపై ఆధారపడుట తగ్గవలెననుట మాకును సమ్మతమే; స్వదేశీ యన్న మాటకు మేము విరోధులము కాము. కాని కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతపు చెరకురైతు నడుగుడు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడెను. చెరకు నమ్ముకొన్నవారు బండ్లు కట్టి దూరపు ఫ్యాక్టరీలకు మోసికొనవలసి వచ్చెను, పలువురు ఆ పంటనే మానుకొనిరి. తన చెరకును కొనువాడు లేని యేండ్లలో, ఎచటి రైతుకో మేలని చెప్పి ఇతని బండి ట్యాంకులో ఇథనాలు పోయుట ఏమి స్వదేశీ? బ్రెజిలు దేశము ఇథనాలులో మనకంటె ఎంతయో ముందు నడచినది. 2003 నుండి అచట రెండింటితోను నడచు కార్లు బజారునకు వచ్చినవి. బంకులో ఇథనాలును వేరుగా అమ్ముదురు. దేనిని పోయించుకొనవలెనో కొనువాడు లెక్క చూచుకొనును. మనకు మాత్రము ముందు మిశ్రమము వచ్చెను, తగిన బండ్లు వెనుక వచ్చుచున్నవి, ఎన్నుకొను హక్కు అసలే రాలేదు.

ఇదే ప్రభుత్వము క్రొత్త పెద్దబండ్లను చూచిన చూపెట్టిది? 2025 ఆగష్టులో పాతకారు శుల్కము రెట్టింపైనది గదా. నెల తిరిగి, సెప్టెంబరు 22వ తేదీనుండి, సెస్సుతో కలిపి నూటికి ఏబదివరకు నుండిన పెద్దకార్ల పన్ను నలుబదికి దిగినది. చిన్న క్రొత్తకార్లకును తగ్గించిరి; సంతోషమే. కాని ఆరువందల యేబది కిలోల బండితో పని గడుపుకొనువానిపై భారము పెంచి, పదునైదువందల కిలోల బండిలో ఒక్కడు కూర్చుండి పోవువానికి తగ్గించుట ఏ గాలిని శుభ్రపరచుటకు? లీటరుకు పది కిలోమీటర్ల బండి క్రొత్తదైనంతమాత్రమున పుణ్యాత్మురాలు, ఇరువది యిచ్చు బండి పాతదైనంతమాత్రమున పాపాత్మురాలు అగునా?

పాతబండిని తుక్కుకిచ్చినవానికి ప్రోత్సాహములున్నవని 2021 ఆగష్టులో ప్రకటించిన విధానము చెప్పుచున్నది. తుక్కునకు క్రొత్తబండి ధరలో నూటికి నాలుగు మొదలు ఆరు పాళ్లు. ఆపై క్రొత్తది కొన్నప్పుడు పన్నులో కొంత రాయితీ. ఐదులక్షల కారనుకొన్నచో ఇరువదివేలో ముప్పదివేలో చేతికి వచ్చును. మిగిలిన నాలుగులక్షల డెబ్బదివేలు ఎవరిచ్చెదరు? అప్పు. నడుచు బండిని తుక్కు చేసి అప్పుపత్రమును చేతబెట్టుట గోవును చంపి చెప్పులు దానము చేసినట్లున్నది. ఇంతకును క్రొత్తకారు ఆకాశమునుండి ఊడిపడదు. ఇనుము కరగింపవలెను, అల్యూమినియము కాల్పవలెను, బొగ్గు మండింపవలెను. ఆ పొగ జగిత్యాలలో కనబడనంతమాత్రమున లేనిది కాదు.

పాలకులను ఇంతగా నన్న పిమ్మట మనవారిని అనక విడుచుట పక్షపాతమగును. మన పట్టణములలో చిన్నకారున్నవానిని చులకనగా చూచు జాడ్యము ప్రబలుచున్నది. పెండ్లిసంబంధమునకు పోవునప్పుడు బండిని వీధి చివర ఆపువారున్నారు. అల్లునికి పెద్దబండి పెట్టవలెనని పొలము కుదువబెట్టు మామలున్నారు. గల్ఫునుండి కొడుకు పంపిన డబ్బు ఇంటికప్పునకు చాలకున్నను, వాయిదాలపై పెద్దబండి తెచ్చి గుమ్మము ముందు నిలుపు తండ్రులున్నారు. మింగ మెతుకు లేదు, మీసములకు సంపెంగనూనె! తన సంపాదనతో కొన్న చిన్నబండిలో అప్పులేక తిరుగువాడు సిగ్గుపడవలసిన పనిలేదు, తలయెత్తుకొని తిరుగవలయును. సిగ్గు వలసినది వాయిదా కట్టలేక రాత్రులు బండిని దాచుకొనువానికి.

పాతబండి యజమానులకును ఒక మాట. హక్కు నడుగువాడు ధర్మమును పాటింపవలెను. పొగపరీక్ష పత్రము లేక, భీమా లేక, అరిగిన టైర్లతో, పట్టని బ్రేకులతో బండి నడుపువాని పక్షమున మేము వాదింపము. కాలువేళకు ఆయిలు మార్పించుడు, గాలి సరిచూచుడు, ప్లగ్గులు శుభ్రపరపుడు. నల్లపొగ చిమ్ముచు పోవు ఒక్క పాతబండి నూరు మంచి పాతబండ్లకు అపకీర్తి తెచ్చును. మనపై సుంకము వేయువారికి సాక్షియగును.

1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను నాలుగవ ఆంధ్రమహాసభ జరిగెను. దొరతనమువారి ప్రయాణములకు రైతుల బండ్లను వెట్టికి పట్టుకొనిపోవు కాలమది. ఆ వెట్టిని ఎదుర్కొనుట ఆ మహాసభ చేపట్టిన పనులలో నొకటి. సామాన్యుని బండిపై అధికారి చేయి పడినప్పుడు నోరు విప్పుట ఈ నేలకు క్రొత్త కాదు. నాటి వెట్టియు నేటి శుల్కమును సమానమని మేమనము. అంత మాట యసత్యమగును. ఇంటి పనిముట్టును నిలుపుకొనుట పౌరుని హక్కనియు, పాలకుని దయ కాదనియు నాటివారు చాటిన సూత్రము మాత్రము నేటికిని చెల్లుచున్నది.

కావున మేము కోరునవి నాలుగు. బండిని వయస్సుచేత గాక పొగచేతను, బ్రేకుచేతను తీర్పరింపుడు. పరీక్షకు అగు ఖర్చునకు మించి శుల్కము గొనకుడు. నిజాయితీగల యంత్రపరీక్షను జగిత్యాలలోను సిరిసిల్లలోను అందుబాటున నుంచుడు. పాతబండిని పరీక్షకై పరజిల్లాకు త్రిప్పకుడు. పాతబండ్లకు సరిపడు తక్కువ మిశ్రమపు పెట్రోలును బంకులలో వేరుగా నుంచి, ఏది యెంత మిశ్రమమో పలకపై స్పష్టముగా వ్రాయుడు.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువువారును, చదువగా వినువారును ఇంటికి పోయి ఊరకుండరాదు. పట్టణమునకొక సభ కూర్చుడు, తీర్మానము చేయుడు, శాసనసభ్యునికిని, పార్లమెంటు సభ్యునికిని మహజరు పంపుడు, న్యాయవాదులు, పంతుళ్లు, మగ్గములవారు, మెకానికులు అందరు దానిపై సంతకములు చేయుడు. ఓట్లడుగ వచ్చినవాడు ఏ బండిలో వచ్చినను, మన బండి మాట యేమని యడుగుడు. అడుగనివాని సుంకము తగ్గినట్లు ఏ దేశ చరిత్రలోను లేదు.